రోమక నాణెముల జాడ తీసిన సీవెల్ దొర

విజయనగర చరిత్ర చదివినవారికి రాబర్టు సీవెల్ పేరు క్రొత్తది కాదు. 1900లో ఆయన ప్రకటించిన గ్రంథము మఱుగుపడిన ఆ సామ్రాజ్యమును లోకమునకు మరల చూపినది. రోమక నాణెములను గూర్చి ఆయన చేసిన కృషి మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు.

1845లో జన్మించిన సీవెల్ మదరాసు సివిల్ సర్వీసున చేరి, తెలుగు జిల్లాలలో ఉద్యోగము చేసెను. 1877లో అమరావతి స్తూపమును త్రవ్వించెను. ఆ త్రవ్వకము నేటి పద్ధతులకు నిలువదు. అయినను 1882, 1884లలో ఆయన వెలువరించిన జాబితాలు, ఏ యూర ఏ శిథిలము, ఏ శాసనము ఉన్నదో తెలుపుచు పరిశోధకులకు దారిచూపినవి.

1904లో లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో, భారతదేశమున దొరకిన రోమక నాణెముల వివరములను ఆయన ఒకచోట కూర్చెను. ఇది సులభకార్యము కాదు. 1786లో నెల్లూరు దగ్గఱ ఒక రైతు దున్నుచుండగా బయటపడిన బంగారు నాణెములు పాత బంగారముగా అమ్ముడై, పెక్కు కరగిపోయెను. అట్టి వార్తలను ఏరి ఆయన లెక్కకట్టగా, అగస్టస్ మొదలు నీరో వఱకు గల చక్రవర్తుల నాణెములే బంగారువి 612, వెండివి 1187 తేలినవి. ఐదుగురు కూలీల మోతయైన బంగారు నిక్షేపమొకటి ఈ లెక్కకు వెలుపలనే ఉన్నది!

మధురలో, వైగై యిసుకలో దొరకిన చిన్న రాగి, కంచు బిళ్లలు ఆయనను ఎక్కువగా ఆలోచింపజేసినవి. నాల్గవ, ఐదవ శతాబ్దముల నాటి యీ బిళ్లలలో పెక్కు గోటియంతవి, అరిగినవి. వీనిని పోల్చుటకు ఓపిక కావలెను. చక్రవర్తి తలపై ముత్యాల పట్టము, చుట్టును లాటిను అక్షరములు ఉండును. పేరునకు ముందు డి, ఎన్ అను రెండక్షరములున్నచో అవి మా ప్రభువు అను మాటకు సంక్షేపము. అట్టిది సాధారణముగా ఆ కడపటి కాలపు నాణెము. పేరు మొదలు చెరిగినను, చివరి అక్షరములను బట్టి ఆర్కేడియసో హొనోరియసో చెప్పవచ్చును. వెనుకవైపు బందీని ఈడ్చుకొనిపోవు విజయదేవత, అడుగున అంతియోకు వంటి టంకశాల గుర్తు కనబడవచ్చును. చిలుమును చింతపండుతో తోమినవారు అక్షరములను గూడ తోమివేసినవారగుదురు.

బంగారము లోహముగా ఎంతదూరమైనను పోవును. రాగిబిళ్ల చిల్లర బేరమునకే పనికివచ్చును. కావున రోమక సామ్రాజ్యమునుండి వచ్చినవారు మధురలో కాపురముండిరని సీవెల్ తలచెను. తరువాతి పండితులందఱు దీని నంగీకరింపలేదు. సింహళమునను ఇట్టివి విరివిగా దొరకినవి. వానిలో అక్కడనే తయారైన నకళ్లును గలవు. చిల్లర కొఱతను తీర్చుటకు వర్తకులు వీనిని మూటలుగా తెచ్చియుండవచ్చును. ఊహ నిలువకపోయినను, అల్పమైన రాగిబిళ్లను సాక్షిగా నిలిపిన గౌరవము ఆయనదే.

సీవెల్ 1925లో మరణించెను. ఆయన కూర్చిన దక్షిణభారత శాసనముల పట్టిక 1932లో కృష్ణస్వామి అయ్యంగారి సంపాదకత్వమున వెలువడినది. తరువాత 1940 ప్రాంతమున, మన యూరి పేరే గల సంగారెడ్డి సీమలోని కొండాపురమున గులాం యజ్దానీ త్రవ్వించినపుడు, శాతవాహనుల నాణెములతో బాటు అగస్టస్ బంగారు నాణెము బయటపడెను. నల్లగొండ జిల్లా అక్కనపల్లి, కరీంనగరం జిల్లా నస్తుల్లాపురము నిక్షేపములును తెలియవచ్చెను. 1965లో పరమేశ్వరీలాల్ గుప్త వీనిని గ్రంథస్థము చేసెను. ఈ తెలుగునాటి నిక్షేపములలో ఎక్కువభాగము బంగారము, వెండియే.