ఆచార్య సూరి భగవంతము గారు

బెజవాడకుఁ జేరువనున్న ఆగిరిపల్లి మీలోఁ బెక్కండ్రకుఁ దెలిసిన యూరే. నాఁటి కృష్ణామండలమునందలి ఆ గ్రామమున 1909 అక్టోబరు 14వ తేదీన భగవంతము గారు జన్మించిరి. గుడివాడలోఁ బాఠశాలా విద్యను, హైదరాబాదు నిజాము కళాశాలలోఁ బట్టపరీక్షను ముగించి, 1928లోఁ గలకత్తాకేగి రామన్ గారి శిష్యులైరి. రామన్ ఫలితము కనుఁగొనఁబడిన సంవత్సర మదియే. పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులుగను, ఉస్మానియాకు ఉపాధ్యక్షులుగను ఉండి, 1957లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరైరి.

ఆ నగరముననే హిందూస్థాన్ విమాన కర్మాగారమున నొక సాహసయత్నము సాగుచుండెను. 1956లో జర్మనీనుండి వచ్చిన కూర్ట్ టాంక్ గారు, మన ఘాటగే గారు మొదలగువారితోఁ గూడి, ధ్వని వేగమునకు రెండింతల వేగముతోఁ బోయి శత్రువుల నాకసముననే యడ్డగింపఁగల యుద్ధవిమానమును నిర్మింపఁ బూనిరి. దానికి మరుత్ అని పేరు. 1961 జూను 17వ తేదీన సురంజన్ దాస్ గారు దానిని మొదట నెగిరించిరి.

రెక్కలు కుదిరినవి; గుండెబలము చాలలేదు. దానికై యుద్దేశింపఁబడిన ఆంగ్లదేశపు టింజనును పూర్తిచేయుటకుఁ గావలసిన ధనమును మన ప్రభుత్వము భరింపలేదు. చిన్న యింజనులతోనే సరిపెట్టవలసి వచ్చెను. (కొంచెము ధనమునకు వెనుదీసి యెంత పోఁగొట్టుకొంటిమో!)

భగవంతము గారు ఆ విమానమును రచించినవారు కారు. వారు స్ఫటికములను, వెలుఁగును శోధించిన భౌతికశాస్త్రజ్ఞులు. కాని 1961లో రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారులై, దేశపు రక్షణ పరిశోధనశాలల భారమును వహించిరి. వానిలో నొకటి యింజనుల పరిశోధనాలయము. అది కాన్పూరునుండి బెంగుళూరునకు మార్చఁబడిన దాయేఁటనే. ఇంజను వెనుకభాగమున మరల నింధనమును మండించి త్రోపుడును హెచ్చించు నుపాయమును అచటివారు మరుత్తునకై సాధింపఁ జూచిరి. వారి హయాములోనే హైదరాబాదున లోహములకును, క్షిపణులకును పరిశోధనశాలలు వెలసెను.

1967లో మరుత్ దళముల కెక్కెను. 1971 యుద్ధమున రాజస్థాన సీమలోఁ జక్కఁగఁ బోరాడెను. కాని ఉద్దేశించిన వేగము నందుకొననే లేదు. ఆకసమున నడ్డగించు పని రష్యానుండి వచ్చిన మిగ్-21కుఁ బోయెను. క్రొత్త యుపాయముతోఁ గూడిన నమూనా 1970 జనవరి 10వ తేదీన కూలి, సురంజన్ దాస్ గారు మృతులైరి. అంతకు ముందటి యేఁడే భగవంతము గారు పదవిని వదలియుండిరి. 1989లో వారు దివంగతులైరి. ఆ తరువాత పండ్రెండేండ్లకు, అనఁగా 2001లో, తొలిసారి యెగిరిన తేజస్ విమానమునకును ఇంజను అమెరికానుండియే వచ్చెను.