ప్రవాళ భిత్తికల పరిరక్షకురాలు – జూడిత్ రైట్

ప్రకృతి సౌందర్యానికి పరవశించి కవిత్వం చెప్పినవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఆ ప్రకృతికి ఆపద వాటిల్లినప్పుడు కార్యరంగంలోకి దిగి ఏళ్ల తరబడి పోరాడిన కవులు మాత్రం అరుదు. అట్టి అరుదైన వారిలో ఆస్ట్రేలియా కవయిత్రి జూడిత్ రైట్ ఒకరు.

జూడిత్ 1915 మే 31న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని ఆర్మిడేల్ పట్టణ సమీపంలో జన్మించింది. ఆమెది పశుపోషణతో స్థిరపడిన సంపన్న కుటుంబం. పన్నెండవ ఏటనే తల్లిని కోల్పోయి, ఆమె బాల్యమంతా కొండలు, పచ్చిక బయళ్ల నడుమ గడిపింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో చదువుకొన్నది. యౌవనంలోనే వినికిడి శక్తి క్రమంగా సన్నగిల్లసాగింది. అయినా ఆమె నిరుత్సాహపడలేదు. 1946లో వెలువడిన 'ది మూవింగ్ ఇమేజ్' అనే తొలి కవితా సంపుటి ఆమెకు దేశవ్యాప్తంగా కీర్తిని తెచ్చిపెట్టింది. తత్త్వవేత్త జాక్ మెకిన్నీతో కలిసి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని టాంబరిన్ పర్వత ప్రాంతంలో ఆమె నివసించింది.

1949లో జూడిత్ గ్రేట్ బారియర్ రీఫ్‌ను తొలిసారి దర్శించింది. క్వీన్స్‌లాండ్ తీరం పొడవునా సుమారు 2,300 కిలోమీటర్ల మేర విస్తరించిన ఈ ప్రవాళ భిత్తికల సముదాయం ప్రపంచంలోకెల్లా పెద్దది. దీనిని నిర్మించినవి పాలిప్‌లనే అతి చిన్న జీవులు. సముద్రజలం నుండి సున్నపు పదార్థాన్ని గ్రహించి, తమ చుట్టూ గట్టి కవచాలను నిర్మించుకోవడం వీటి స్వభావం. ఒక తరం గూళ్లపై మరొక తరం గూళ్లు కట్టుకోగా, వేల ఏళ్లకు ఆ కట్టడం సముద్రంలో కోటగోడవలె నిలుస్తుంది. సముద్రపు అడుగుభాగంలో నూటికి ఒక వంతు కూడా ఆక్రమించని ప్రవాళ భిత్తికలు సముద్రజీవజాతులలో సుమారు నాల్గవ వంతుకు ఆశ్రయమిస్తున్నాయి. అలల ఉద్ధృతిని తగ్గించి తీరగ్రామాలను కాపాడేవి, జాలరులకు జీవనాధారమైన చేపలను పెంచి పోషించేవి కూడా అవే.

1962లో జూడిత్ కొందరు మిత్రులతో కలిసి క్వీన్స్‌లాండ్ వన్యప్రాణి సంరక్షణ సంఘాన్ని స్థాపించి, దానికి అధ్యక్షురాలైంది. 1966 చివర భర్త మరణించాడు. ఆ దుఃఖం తీరకముందే, 1967లో ఆమె ముందుకు ఒక పెద్ద సమస్య వచ్చింది. చెరకు పొలాలకు వేసే సున్నం కొరకు ఎల్లిసన్ రీఫ్‌ను తవ్వుకోవడానికి అనుమతి కోరుతూ ఒక దరఖాస్తు దాఖలైంది. ఆ రీఫ్‌లోని పగడాలు ఎప్పుడో చనిపోయాయని, తవ్వినందువల్ల నష్టం లేదని దరఖాస్తుదారు వాదన. ఈ వాదన నెగ్గితే, ఏ భాగాన్నైనా నిర్జీవమని చూపి తవ్వుకొనే దారి ఏర్పడుతుంది.

బింగిల్ బే నివాసి, చిత్రకారుడు జాన్ బుస్ట్ ఇన్నిస్‌ఫెయిల్‌లోని గనుల న్యాయస్థానంలో అభ్యంతరం దాఖలు చేశాడు. జూడిత్ సంఘం ఆయనకు అండగా నిలిచింది. సముద్రజీవులను అధ్యయనం చేసే విద్యార్థులు ఎల్లిసన్ రీఫ్ వద్ద నీట మునిగి పరిశీలించారు. చనిపోయిందన్న ఆ రీఫ్‌లో 88 రకాల సజీవ పగడాలు, 190 రకాల చేపలు వారికి కనిపించాయి. ఆ సాక్ష్యం ముందు దరఖాస్తుదారు వాదన నిలవలేదు. 1968లో దరఖాస్తు తిరస్కరింపబడింది.

అంతటితో ఆపద తొలగలేదు. అప్పటికే ప్రవాళ ప్రాంతంలో అధిక భాగాన్ని చమురు అన్వేషణకు క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం కేటాయించింది. ప్రభుత్వం, చమురు సంస్థలు ఒకవైపు. ధనబలం లేని కొద్దిమంది పౌరులు మరొకవైపు. కవిత్వానికి వెచ్చించవలసిన కాలాన్ని జూడిత్ ఉత్తరాలకు, వ్యాసాలకు, సభలకు వెచ్చించింది. క్రమంగా ప్రజాభిప్రాయం ఆమె పక్షం వహించింది. 1970 జనవరిలో కార్మిక సంఘాలు చమురు బావులు తవ్వే పనిని బహిష్కరించాయి. అదే ఏడాది మార్చిలో టారెస్ జలసంధిలో ఒక చమురు ఓడ బండరాతికి తగిలి, చమురు సముద్రం పాలయింది. రాబోయే ప్రమాదమేమిటో ప్రజలు కళ్లారా చూశారు. విచారణ సంఘాలు ఏర్పడ్డాయి. జాన్ బుస్ట్ మాత్రం ఫలితాన్ని చూడకుండానే 1971లో కన్నుమూశాడు.

1975లో ఆస్ట్రేలియా పార్లమెంటు గ్రేట్ బారియర్ రీఫ్ సముద్ర ఉద్యానవన చట్టాన్ని ఆమోదించింది. 1981లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఈ పోరాట చరిత్రను జూడిత్ 1977లో 'ది కోరల్ బాటిల్‌గ్రౌండ్' అనే గ్రంథంగా వెలువరించింది. ఆదివాసుల హక్కుల కొరకు కూడా ఆమె జీవితాంతం కృషి చేసింది. పూర్తిగా వినికిడి కోల్పోయిన తరువాత కూడా విశ్రమించక, 2000 సంవత్సరం జూన్ 25న కాన్‌బెర్రాలో తుదిశ్వాస విడిచింది.

నేడు ఆ భిత్తికలకు గునపం వల్ల కాక, వేడి వల్ల ముప్పు ఏర్పడింది. సముద్రజలం వేడెక్కినప్పుడు, పాలిప్‌లు తమకు ఆహారాన్నిచ్చే సూక్ష్మ శైవలాలను వెలివేసి తెల్లబారుతాయి. వేడి తగ్గకపోతే మరణిస్తాయి. 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాలలో ఈ విపత్తు విస్తృతంగా సంభవించింది. ఒక చట్టంతో ముగిసే పని కాదిది. చనిపోయిందన్న మాటను నమ్మక, నీట మునిగి సత్యాన్ని వెలికితీసిన ఆ విద్యార్థులు, వారి వెనుక నిలిచిన ఆ కవయిత్రి చూపిన మార్గం మాత్రం నేటి యువతకు ఆచరణీయం.