పంతులమ్మగా వచ్చి ఆసుపత్రి కట్టిన డాక్టరమ్మ

పెదకాకాని చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే వైద్యం దూరమేం కాదు. కళ్లకైతే ఊళ్లోనే శంకర కంటి ఆసుపత్రి ఉంది. మిగతావాటికి బస్సెక్కితే కాసేపట్లో గుంటూరు. ఆ గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2016లో గుండె మార్పిడి ఆపరేషన్ కూడా చేశారు. పేదింటివాళ్లు కూడా గుండెకు ఆపరేషన్ చేయించుకోగలిగే రోజులివి.

కానీ నూట నలభై ఏళ్ల కిందటి సంగతి వేరు. అప్పుడు మన ఆడవాళ్లకు గుండె జబ్బుల దాకా ఎందుకు, పురుడే పెద్ద గండం. కాన్పు తేలిగ్గా అయితే సరే. బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని చేతులెత్తేసేది. ఇక దేవుడికి మొక్కుకోవడమే మిగిలేది. మగ డాక్టరు ఉన్నా ఆయన్ని లోపలికి రానిచ్చేవారు కాదు. ఘోషా ఇళ్లలో సంగతి చెప్పనే అక్కర్లేదు. పరాయి మగాడు చెయ్యి పట్టుకుని నాడి చూడటం కంటే ప్రాణం పోవడమే నయమనుకునే రోజులవి. ఆడదానికి ఆడ డాక్టరే కావాలి. ఆ డాక్టరు ఎక్కడుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే గుంటూరులో అడుగుపెట్టారు అన్నా సారా కుగ్లర్.

చదివింది డాక్టరీ... ఇచ్చింది పంతులమ్మ పని

అన్నా 1856 ఏప్రిల్ 19న అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్‌లో పుట్టారు. ఆడపిల్ల డాక్టరీ చదువుతానంటే అమెరికాలో కూడా ముక్కున వేలేసుకునే కాలమది. ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల కోసమే పెట్టిన మహిళా వైద్య కళాశాలలో చేరి, 1879లో పట్టా పుచ్చుకున్నారు.  మన దేశం నుంచి వెళ్లి 1886లో డాక్టరు పట్టా తీసుకున్న మహారాష్ట్ర అమ్మాయి ఆనందీబాయి జోషీ చదివింది కూడా ఆ కాలేజీలోనే.

చదువయ్యాక నారిస్‌టౌన్‌లో మానసిక రోగుల ఆసుపత్రిలో, ఆడవాళ్ల విభాగంలో పనిచేశారు. హాయిగా అక్కడే స్థిరపడిపోవచ్చు. కానీ ఇండియాలో ఉన్న ఒక లూథరన్ మిషనరీ రాసిన ఉత్తరం ఆమె మనసు మార్చింది. తెలుగుదేశంలో ఆడవాళ్లు వైద్యం లేక పడుతున్న అవస్థలు తెలిశాయి. తనను అక్కడికి పంపమని సొంత సంఘానికి అర్జీ పెట్టుకున్నారు.

సంఘం పెద్దల జవాబు చూసి మరొకరైతే చల్లబడిపోయేవారే. వైద్యం పని మొదలుపెట్టడానికి మేం సిద్ధంగా లేము, కావాలంటే ఇళ్లకు వెళ్లి జనానా ఆడవాళ్లకు చదువు, మతబోధ చెప్పే పని మీద వెళ్లమన్నారు.

ఆమె సరేనన్నారు. వాదించలేదు. కానీ పెట్టెలో మాత్రం వైద్యానికి కావలసిన సరంజామా సర్దుకున్నారు!

1883 ఆగస్టులో ఓడెక్కి, నవంబర్ 29న గుంటూరు చేరారు. అప్పటికింకా గుంటూరు జిల్లా కూడా లేదు, అంతా కృష్ణా జిల్లానే.

గుమ్మంలో రోగులు

వచ్చింది చదువు చెప్పడానికి. కానీ ఆమె డాక్టరమ్మ అన్న సంగతి ఎన్నాళ్లు దాగుతుంది? ఒక ఇంట్లో పసిపిల్లకు జ్వరం, మరో ఇంట్లో బాలింతకు సుస్తీ. చూస్తూ ఊరుకోలేకపోయారు. మొదటి ఏడాదిలోనే 185 మందికి వాళ్ల ఇళ్లకు వెళ్లి వైద్యం చేశారు. మరో 276 మంది ఆమె ఉండే చోటికే వచ్చారు. ఇదంతా ఆమెకు అప్పగించిన పని కాదు. బళ్లు చూసుకోవడం, పాఠాలు చెప్పడం, తెలుగు నేర్చుకోవడం... అన్నీ చేసుకుంటూ చేసిన పని!

అలాగని అందరూ ఆమెను ఆదరించారని కాదు. అప్పట్లో ఆచారం పాటించే ఇళ్లలో పరాయి చేతి నీళ్లు ముట్టరు. నీళ్ల మందు అంటే ఇంకేముంది? పైగా ఆమె మతం వేరు, దేశం వేరు. ఆమె వచ్చింది మత ప్రచార సంఘం తరపున అన్నదీ దాచాల్సిన విషయం కాదు. చివరిదాకా ఆమె ఆ సంఘం మనిషే. అందుకే జనంలో అనుమానాలుండేవి. ఆ అనుమానాలు మాటలతో పోయేవి కావు. ప్రాణం నిలబడ్డ ఇంటి నుంచి పక్కింటికి, పక్కింటి నుంచి పక్కూరికి కబురు పాకి, మెల్లగా తొలగాయి.

చివరికి సంఘం కూడా దిగొచ్చింది. 1885 డిసెంబర్‌లో ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. తన చదువుకు తగ్గ పని అధికారికంగా దక్కడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది.

పదిహేనేళ్ల కల

ఇళ్లకు తిరిగి మందులివ్వడంతో అన్ని జబ్బులూ నయం కావు. ఆపరేషన్ చేయాలంటే శుభ్రమైన గది కావాలి. కాన్పు కష్టమైతే రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండాలి. దానికి ఆసుపత్రి ఒక్కటే మార్గం. 1889లో సెలవు మీద అమెరికా వెళ్లినప్పుడు ఆమె ధ్యాసంతా దాని మీదే. సంఘంలోని మహిళలు చందాలు పోగుచేశారు. తిరిగి వచ్చాక 1893లో డిస్పెన్సరీ తెరిచారు. 1898 జూన్ 23న యాభై పడకలతో ఆసుపత్రి ప్రారంభమైంది. ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం కట్టిన ఆసుపత్రి అది.

లెక్క చూడండి. ఇరవై ఏడేళ్ల వయసులో వచ్చిన అమ్మాయి, నలభై రెండో ఏట గానీ తన ఆసుపత్రిని కళ్లజూడలేదు.

ఆసుపత్రి అంటే గోడలూ మంచాలే కాదుగా! చేతులు కావాలి. లిడియా వోర్నర్, మేరీ బేర్ అనే ఇద్దరు మహిళా డాక్టర్లు ఆమెకు తోడుగా వచ్చారు. కేథరిన్ ఫాస్ అనే నర్సు వచ్చి మన అమ్మాయిలకే నర్సింగ్ నేర్పించారు. పరాయివాళ్లకు సేవ చేయడం, రాత్రి డ్యూటీలు చేయడం ఆడపిల్లల పని కాదనుకునే ఆ కాలంలో అది చిన్న మార్పు కాదు. తర్వాత వోర్నర్ రాజమండ్రి వెళ్లారు. మేరీ బేర్ చీరాలలో వైద్య సేవ సాగించారు. ఒక దీపం నుంచి మరో దీపం వెలిగించడమంటే ఇదే.

పొయ్యి కూడా ముఖ్యమే

మన పల్లెల్లో ఒకరు ఆసుపత్రిలో చేరితే వెంట ఇంటిల్లిపాదీ రావాల్సిందే. వాళ్లు ఎక్కడ పడుకోవాలి? ఎక్కడ వండుకోవాలి? ఆచారం ఉన్నవాళ్లు బయటి వంట ముట్టరాయె. ఎంత మంచి డాక్టరున్నా ఈ ఒక్క కారణంతో రోగిని ఇంట్లోనే ఉంచేసుకునేవాళ్లు.

ఈ చిక్కు తీరడానికి సాయపడింది ఏలూరు జమీందారు, కవి కూడా అయిన రాజా మంత్రిప్రగడ భుజంగరావు. తన భార్యకు అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రికి ఎదురుగా రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి వంట వాళ్లది. జమీందారీ ఘోషాలోని ఇల్లాలికి అందిన వైద్యం వల్ల ఎందరో మామూలు ఇల్లాళ్లకు ఆసుపత్రి గడప తొక్కే వీలు కలిగింది.

అన్నా కుగ్లర్ సేవకు గుర్తింపుగా ఆనాటి ప్రభుత్వం 1905లో కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. మధ్యలో సెలవుల మీద వెళ్లినా, దాదాపు 47 ఏళ్ల జీవితాన్ని గుంటూరుకే ఇచ్చారు. 1928లో ఆసుపత్రి కథను పుస్తకంగా రాశారు. 1930 జూలై 26న, తాను కట్టించిన ఆసుపత్రిలోనే కన్నుమూశారు. అప్పుడు ఆమెకు 74 ఏళ్లు. ఆసుపత్రి మాత్రం కుగ్లర్ ఆసుపత్రిగా ఆమె పేరుతోనే నిలిచింది.

ఇప్పుడు మన వంతు

ఆ రోజుల్లో ఆడవాళ్లు జబ్బు దాచుకున్నారంటే చూసే డాక్టరమ్మ లేక. మరి ఇప్పుడు? ఇంట్లో అందరి మాత్రలూ వేళకు గుర్తుచేసే ఇల్లాలే తన ఆయాసాన్ని పని అలసట అనుకుంటుంది. ఛాతీలో బరువుగా ఉంటే గ్యాసని సర్దుకుంటుంది. పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం, మిరపకోతలయ్యాక చూద్దాం అని వాయిదా వేస్తుంది. గుండె జబ్బు మగవాళ్లకే వస్తుందన్నది ఒట్టి భ్రమ. పైగా ఆడవాళ్లలో కొన్నిసార్లు అది పెద్ద నొప్పిగా కాక ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంలా కూడా కనిపిస్తుంది. అలా అనిపిస్తే వంటింటి చిట్కాలతో కాలం గడపకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆసుపత్రిని మన గుమ్మం దగ్గరికి తేవడానికి ఒక పరాయి దేశపు ఆడపడుచు పదిహేనేళ్లు ఎదురుచూసింది. ఆ గుమ్మం దాటడానికి మనం ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు.