అగ్నిలో కరగని దర్శనము

ఇంగ్లండు దేశపు నార్తాంప్టన్ మండలములో పాలర్స్‌పరీ అను పల్లెయందు 1761లో జన్మించిన విలియం కేరీ మొదట చెప్పులు కుట్టి జీవించెను. సువార్త సకల జనములకు అందవలెనను భారము ఆయనను 1793లో బంగాళమునకు నడిపించెను.

లేఖనములను ప్రజల భాషలోనికి తెచ్చుటయే గాక, వారి చేతికి అందించుటయు తన పనియే యని ఆయన గ్రహించెను. 1798లో కలకత్తానుండి ఒక కొయ్య ముద్రణ యంత్రమును తెప్పింపగా, గ్రామస్థులు దానిని దొరగారి విగ్రహమని తలంచిరి. కేరీకి మాత్రము అది పనిముట్టే.

1800లో ఆయన డేనిష్ వారి పాలనలోనున్న సేరంపూరు చేరి, మార్ష్‌మన్, వార్డులతో జతపడెను. దేశభాషల అచ్చులు దొరకుట కష్టమైన ఆ కాలమున, లోహపు పనిలో నిపుణుడైన పంచానన కర్మకారుడు, అటుపిమ్మట ఆయన అల్లుడు మనోహరుడు అక్షరములను చెక్కి పోతపోసిరి. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన వెలువడెను.

1812 మార్చి 11 సాయంకాలమున ముద్రణాలయము అగ్నికి ఆహుతి ఆయెను. కాగితములు, అచ్చులు, ఏండ్ల తరబడి వ్రాసిన నిఘంటువు వ్రాతప్రతులు నశించెను. కలకత్తాలోనున్న కేరీకి మరునాడు మార్ష్‌మన్ ఆ వార్త చెప్పెను. ఆయన దుఃఖించెను గాని దేవుని చిత్తమునకు తలవంచెను. శిథిలములలో అక్షరములు చెక్కిన ఉక్కు ముద్రలు చెడక దొరకెను. కరగిన లోహముతోనే క్రొత్త అచ్చులు పోసిరి. కొన్ని వారములలో ముద్రణ తిరిగి ఆరంభమాయెను. పోయిన వ్రాతలను కేరీ మరల మొదటినుండి చేపట్టెను. ఆ జ్వాలలు చల్లారిన రెండేండ్లకే, 1814లో, ఆయన తెలుగు వ్యాకరణము అచ్చుపడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన సేరంపూరునుండి వెలువడెను.

కాగితమును చెదలు తినివేయుచున్నందున, వాటికి లొంగని కాగితమును వారు స్వయముగా తయారుచేసిరి. మనుష్యులు త్రొక్కి నడపిన ఆ మరను 1820 నుండి పండ్రెండు అశ్వశక్తుల ఆవిరి యంత్రము నడపెను. ఈ దేశమున నెలకొల్పబడిన తొలి ఆవిరి యంత్రములలో అది యొకటి.

అయితే యంత్రవేగము భాషాజ్ఞానమునకు బదులు కాజాలదు. అనేక భాషలను ఒక్కసారి చేపట్టినందున ఆయన అనువాదములలో లోపములు నిలిచెను. తరువాతి తరములవారు వాటిని సవరింపవలసివచ్చెను. తన బెంగాలీ అనువాదమును ఆయనయే వృద్ధాప్యము వరకు దిద్దుచునుండెను. 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించెను.

క్రొత్త సాధనములు నేడును త్వరత్వరగా మన చేతులలోనికి వచ్చుచున్నవి. వాటికి భయపడనక్కరలేదు, మ్రొక్కనక్కరయు లేదు. అవి కాలిపోయిన దినమున ఏమి మిగులును? కేరీకి పిలుపు మిగిలెను, సహోదరులు మిగిలిరి, మరల మొదలుపెట్టు వినయము మిగిలెను. మన పరిచర్యకును ఆ పునాదియే ఉండునుగాక.