ఎముకల భాష తెలిసిన శాస్త్రవేత్త – జార్జి క్యూవియర్

ప్రాణి గతించిన తరువాత మాంసం మట్టిలో కలిసిపోతుంది. ఎముక మాత్రం చాలాకాలం నిలుస్తుంది. అలా మిగిలిన ఎముకను పరిశీలించి, ఆ ప్రాణి ఏమి తిన్నదో, ఎట్లా సంచరించినదో, ఏ కుటుంబానికి చెందినదో నిర్ణయించే విద్యకు శాస్త్ర గౌరవం కల్పించిన మహనీయుడు జార్జి క్యూవియర్. తులనాత్మక శరీర నిర్మాణ శాస్త్రానికి ఆయనను పితామహునిగా పరిగణిస్తారు. ఆయన జీవితం విద్యార్థులకు స్ఫూర్తిదాయకమే కాదు, పెద్దలకు ఆలోచనను రేకెత్తించేది కూడా.

క్యూవియర్ 1769 ఆగస్టు 23న మోంబెలియార్ పట్టణంలో జన్మించాడు. నేడు ఫ్రాన్సులో ఉన్న ఆ పట్టణం ఆనాడు జర్మన్ ప్రభువైన వుర్టెంబర్గ్ డ్యూకు ఏలుబడిలో ఉండేది. ప్రజల భాష మాత్రం ఫ్రెంచి. తండ్రి పింఛనుపై జీవించే విశ్రాంత సైనికాధికారి. బాల్యంలో క్యూవియర్ దుర్బలంగా ఉండేవాడు. తల్లియే అతని తొలి గురువు. ఆమెకు లాటిన్ భాష రాదు. అయినా ప్రతిదినం కుమారునిచేత లాటిన్ పాఠాలను తన ఎదుట వల్లె వేయించేది. చిత్రలేఖనంలోనూ ప్రోత్సహించింది. బంధువుల ఇంట లభించిన బుఫోన్ జంతుశాస్త్ర గ్రంథాలను ఆ బాలుడు ఆసాంతం చదివి, అందులోని బొమ్మలను తిరిగి గీసి, రంగులు వేసేవాడు.

1784లో స్టట్‌గార్ట్ నగరంలోని విద్యాలయంలో చేరాడు. అక్కడ బోధన జర్మన్ భాషలో. పరభాషకు భయపడక, ఏడాది తిరగకుండానే అందులో బహుమతి గెలుచుకున్నాడు. ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడుతూ పెరిగే మన పిల్లలకు ఇది గమనింపదగిన విషయం.

చదువు ముగిసినా ఉద్యోగం దొరకలేదు. 1788లో నార్మండీ ప్రాంతపు ఒక ప్రభు కుటుంబంలో పిల్లలకు ఉపాధ్యాయుడుగా కుదిరాడు. పారిస్‌లో ఫ్రెంచి విప్లవం రక్తసిక్తమవుతున్న సంవత్సరాలలో, ఆ యువకుడు సముద్రతీరాన చేపలనూ, నత్తలనూ కోసి, లోపలి నిర్మాణాన్ని చిత్రించుకుంటూ కాలం గడిపాడు. ఆ కృషి వార్త రాజధానికి చేరింది. 1795లో పారిస్‌లోని ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో సహాయకునిగా ప్రవేశించాడు.

మరుసటి సంవత్సరమే ఆయన పేరు మారుమ్రోగింది. ఆసియా ఏనుగు, ఆఫ్రికా ఏనుగు దవడలనూ దంతాలనూ పోల్చి, అవి రెండు వేరువేరు జాతులని నిరూపించాడు. సైబీరియాలో దొరికిన మామత్ ఎముకలు ఈ రెండింటికీ చెందవనీ, ఆ జాతి పూర్తిగా అంతరించినదనీ ప్రకటించాడు. సృష్టిలోని ఏ జాతీ నశించదని ఎందరో విశ్వసించిన రోజులవి.

ఆయన పద్ధతికి మూలసూత్రం ఒక్కటే: శరీరంలోని ఏ భాగమూ ఒంటరిది కాదు. మాంసం చీల్చే కోరలున్న జంతువుకు వేటను పట్టే గోళ్లుండాలి. పరుగుకు తగిన కాళ్లుండాలి. మాంసాన్ని జీర్ణించుకునే ప్రేగులుండాలి. పారిస్ సమీపంలోని మోంమార్త్ర్ జిప్సం గనులలో ఒక చిన్న శిలాజం లభించింది. దంతాలను చూసి, అది ఒపోసం వంటి శిశుకోశ క్షీరదమని క్యూవియర్ ఊహించాడు. అట్టి జంతువులకు కటి ఎముకల ముందు రెండు ప్రత్యేకమైన ఎముకలుంటాయి. ఆయన సాక్షులను పిలిపించి, వారి ఎదుటనే రాతిని చెక్కాడు. ఆ రెండు ఎముకలూ బయటపడ్డాయి!

జంతు ప్రపంచాన్ని ఆయన నాలుగు శాఖలుగా విభజించాడు. మొదటిది వెన్నెముక గలవి. వీటి అస్థిపంజరం దేహం లోపల ఉండి, దేహంతో పాటు పెరుగుతుంది. రెండవది నత్త, ఆల్చిప్ప వంటి మృదుదేహులు. వీటిలో పెక్కింటికి గుల్లయే రక్షణ. మూడవది రొయ్య, పీత, కీటకాల వంటి ఖండిత దేహులు. రొయ్య, పీతలకు కవచమే అస్థిపంజరం. కండరాలు దాని లోపలి వైపు అతుక్కొని ఉంటాయి. కవచం పెరగదు కనుక, ప్రాణి పెరిగినప్పుడల్లా దానిని విడిచి క్రొత్తది ధరించాలి. నాలుగవది నక్షత్ర చేప వంటి వలయాకార జీవులు. 1817లో వెలువడిన ఆయన జంతురాజ్య గ్రంథం ఈ విభజనపైనే ఆధారపడింది.

నెపోలియన్ కాలంలో ఆయన విద్యాశాఖలోనూ ఉన్నత పదవులు నిర్వహించి, పాఠశాలల స్థాపనకు పాటుపడ్డాడు. గృహజీవితం మాత్రం దుఃఖభరితం. కన్న నలుగురు బిడ్డలూ ఆయన కళ్లెదుటనే మరణించారు. భార్య మొదటి వివాహపు కుమారుడు ఆల్ఫ్రెడ్ దువోసెల్ 1818లో భారతదేశం వచ్చి, ఇక్కడి జంతువుల నమూనాలను పారిస్‌కు పంపుతూ, 1824లో మద్రాసులో కన్నుమూశాడు. మన బారాసింగా జింక శాస్త్రీయ నామంలో ఆ యువకుని పేరు నేటికీ నిలిచి ఉంది.

మహామేధావులకూ పరిమితులుంటాయి. జాతులు కాలక్రమేణా మార్పు చెందుతాయన్న లామార్క్ వాదాన్ని క్యూవియర్ తీవ్రంగా తిరస్కరించాడు. జంతువులన్నింటికీ నిర్మాణ ప్రణాళిక ఒక్కటే అన్న జియోఫ్రాయ్‌తో 1830లో బహిరంగంగా వాదించి, సమకాలికుల మెప్పు పొందాడు. అంతకంటె బాధాకరమైనది మరొకటి ఉన్నది. దక్షిణాఫ్రికా నుండి తెచ్చి, యూరప్‌లో ప్రదర్శన వస్తువుగా త్రిప్పిన సారా బార్ట్‌మన్ అనే అభాగ్యురాలు పారిస్‌లో మరణించగా, క్యూవియర్ ఆమె దేహాన్ని కోసి, అస్థిపంజరాన్ని భద్రపరచి, ఆమె జాతిని హీనమైనదిగా వర్ణించాడు. 2002లో గాని ఆమె అవశేషాలు స్వదేశపు మట్టికి చేరలేదు. ఎముకలలోని అతి సూక్ష్మ భేదాలను గుర్తించిన ఆ కన్నులు సాటి మనిషిలోని మానవత్వాన్ని గుర్తించలేకపోయాయి.

1832 మే 13న క్యూవియర్ పారిస్‌లో మరణించాడు. 1859లో డార్విన్ గ్రంథం వెలువడింది. మనిషి చేయి, గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు, గుర్రం ముంగాలు – వీటన్నింటిలో ఒకే విధమైన ఎముకల అమరిక ఉండటానికి కారణం ఒకే పూర్వీకుల నుండి వచ్చిన వారసత్వమని తేలింది. మన దేశపు శిలలు కూడా ఇందుకు సాక్ష్యమిచ్చాయి. భారతీయ భూశాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ వద్ద సేకరించిన శిలలలో ఇండోహ్యూస్ అనే చిన్న జంతువు ఎముకలున్నాయి. ఆయన మరణానంతరం ఆ శిలలను పరిశీలించగా, జింకను పోలిన ఆ జంతువు చెవి ఎముక తిమింగలాల చెవి ఎముక వలె మందంగా ఉన్నట్లు బయటపడింది. తిమింగలాల దగ్గరి చుట్టం నేలపై నాలుగు కాళ్లతో నడిచినదని 2007లో లోకానికి తెలిసింది. ఎముకను ఎముకతో పోల్చే క్యూవియర్ విద్యయే, క్యూవియర్ నిరాకరించిన సత్యాన్ని నిరూపించింది.

గురువు నేర్పిన పద్ధతితోనే గురువు పొరపాటును సరిదిద్దగలగడం విజ్ఞానశాస్త్రపు గొప్పతనం. మా పాఠశాల పిల్లలు కూడా మేము చెప్పినదాన్ని వల్లించడంతో తృప్తి పడక, పరిశీలించి, పోల్చి, ప్రశ్నించాలి. ఆ ప్రశ్నతో పాటు సాటి మనిషి పట్ల గౌరవమూ అలవడాలి. ఆ రెండూ కలసిననాడే మన చదువు సార్థకమవుతుంది.