కడారము గెలిచిన రాజేంద్రచోళుడు

రాజమహేంద్రవరమున నన్నయభట్టు నాదరించిన రాజరాజనరేంద్రునకు మేనమామయు, పిల్లనిచ్చిన మామయు నొక్కడే. అతడే మొదటి రాజేంద్రచోళుడు. ఓడలపై సైన్యమును పంపి, పరతీరమున దింపి, విజయము సాధించిన భారతీయ ప్రభువులలో నతడు అగ్రగణ్యుడు.

తండ్రియగు రాజరాజచోళుడు నౌకాబలమును పెంపొందించి, సింహళద్వీపమున ఉత్తరభాగమును జయించెను. 1014లో రాజ్యభారము వహించిన రాజేంద్రుడు 1017 ప్రాంతమున ఆ కార్యమును ముగించెను. సింహళరాజైన ఐదవ మహిందుడు బందీయై చోళదేశమునకు వచ్చి, 1029లో అచటనే కన్నుమూసెను. దాటినది ఇరుకైన జలసంధి. దాటిన సేన మరలిరాక, పొలొన్నరువ కేంద్రముగ ఆ నేలను నిలుపుకొనెను.

పిమ్మట రాజేంద్రుని సేనలు గంగాతీరము వరకు నడిచెను. ఆ విజయమునకు గుర్తుగ గంగైకొండచోళపురము వెలసెను.

1025 నాటి దండయాత్ర తీరు వేరు. సుమత్రాద్వీపమునను, మలయా ద్వీపకల్పమునను శ్రీవిజయ రాజులు ప్రబలులై యుండిరి. చీనాకు బోవు ఓడలకు ద్వారమైన మలక్కా జలసంధి వారి చేతిలోనిది. మొదట వారు చోళులకు మిత్రులే. నాగపట్టణమున వారు చూడామణి విహారమును కట్టింపగా, రాజరాజు దానికి ఆనైమంగలమను గ్రామమును దానమిచ్చెను. ఆ మైత్రి యేల చెడెనో శాసనములు చెప్పవు. వర్తకమార్గమున కలిగిన యాటంకములే కారణమని చరిత్రకారులు పలువురు తలంతురు.

నాగపట్టణమునుండి కడారమునకు, అనగా నేటి కెడాకు, రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరము. అంత దూరమును సేనకు వలయు తిండియు నీరును ఓడలే మోయవలెను. గాలి యనుకూలించినగాని తిరుగుదారి లేదు. అట్లు వెడలిన చోళసేన శ్రీవిజయము, పణ్ణై, మలైయూరు, నక్కవారము, కడారము మున్నగు స్థలములను గెలిచినట్లు తంజావూరు శాసనము తెలుపుచున్నది. రాజైన సంగ్రామవిజయోత్తుంగవర్మ పట్టువడెను. విద్యాధరతోరణమను పేరుగల ద్వారము చోళుల వశమయ్యెను. రాజేంద్రునకు కడారంగొండడను బిరుదు కలిగెను. అయినను ఆ దేశమున చోళపాలన నాటుకొనలేదు. నేలకంటె దారియే ఆ యుద్ధమునకు లక్ష్యముగ కనబడును.

1044లో రాజేంద్రుడు మరణించెను. 1070లో సింహళము విజయబాహుని వశమయ్యెను. ఆ యేటనే రాజేంద్రుని దౌహిత్రుడును, రాజరాజనరేంద్రుని కుమారుడును అగు కులోత్తుంగుడు చోళసింహాసన మెక్కెను. 1088లో దక్షిణదేశపు వర్తకశ్రేణి సుమత్రాలోని బరూసున తమిళశాసనము వేయించెను. 1090లో కడారరాజు కోరగా కులోత్తుంగుడు నాగపట్టణ విహారపు దానమును మరల స్థిరపరచెను. కత్తితో నిలుపుకొన్న సింహళము చేజారెను. తాత కత్తితో తెరచిన కడలిదారిని మనుమడు మైత్రితో కాపాడెను.