డోనావూరు అమ్మ
(పఠన భాగములు: నిర్గమకాండము 2:1–10, యోహాను 13:1–17)



మోషేను కన్నది యోకెబెదు. కుమారునిగా పెంచుకొన్నది ఫరో కుమార్తె. దేవుడు ఆ యిద్దరిని వాడుకొనెను. తాను కనని బిడ్డకు తల్లియగుట యనగా ఏమో, ఈ నెల ఏమీ కార్‌మైకేల్ దొరసానిగారి జీవితమునుండి తెలిసికొందము.

ఆమె 1867 డిసెంబరు 16న ఐర్లండు దేశములో జన్మించిరి. ఏడుగురు బిడ్డలలో ఆమెయే పెద్ద. 1885లో తండ్రి మరణించెను. కొన్ని సంవత్సరములకు, భార్యను కుమార్తెను పోగొట్టుకొనిన రాబర్టు విల్సను అను వృద్ధ భక్తుడు ఆమెను తన యింట కుమార్తెగా చేర్చుకొనెను. కన్నతల్లి బ్రతికియుండగనే ఆమె మరియొక యింటి బిడ్డగా ప్రేమింపబడిరి. దేవుడు ఆమెను ముందుగా పెంపుడు కుమార్తెగా చేసి, పిమ్మట పెంచు తల్లిగా చేసెనని మేము తలంచుచున్నాము.

1895లో ఆమె ఇండియాకు వచ్చిరి. తిరునల్వేలి ప్రాంతములో వాకర్ దొరగారితో కలిసి, కొందరు తమిళ స్త్రీలను వెంటబెట్టుకొని, ఊరూర సువార్త ప్రకటించిరి. ఈ వాకర్ దొరగారే 1912లో మన మచిలీపట్నములో కూటములు జరిగించుటకు వచ్చి అక్కడనే ప్రభువునందు నిద్రించిరి.

1901 మార్చిలో ప్రీనా అను ఏడేండ్ల పిల్ల దేవాలయ స్త్రీల యింటినుండి తప్పించుకొని దొరసానిగారియొద్దకు చేరెను. అంతకుముందొకసారి ఆ పిల్ల పారిపోయి తల్లియొద్దకు వెళ్లగా, తల్లి దేవతల కోపమునకు జడిసి తిరిగి అప్పగించెను. పట్టుబడిన పిల్ల చేతులకు వాతలు పెట్టిరి. ఆ కన్నతల్లిని మేము నిందింపము. భయము ఆమె చేతులను బలహీనపరచెను. పిల్లకు మాత్రము ఒక ఒడి కావలసియుండెను. అది దొరసానిగారియొద్ద దొరకెను.

తరువాత డోనావూరు ఆమె నివాసమాయెను. 1904 నుండి చంటిబిడ్డలును రాసాగిరి. అప్పుడు ఆమెకు గొప్ప శోధన కలిగెను. సువార్త చెప్పుటకు సముద్రము దాటి వచ్చినవారు ఉయ్యాలలూపుచు, పాలు కాచుచు, గుడ్డలు ఉతుకుచు కూర్చుండుట తగునా? ప్రభువు నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగిన సంగతి ఆమెకు జ్ఞాపకము వచ్చెను. ఆ పనిని ప్రభువు తక్కువగా ఎంచలేదు గనుక ఆమెయు ఎంచలేదు. ఊరూర తిరుగుట మాని బిడ్డలయొద్ద నిలిచిరి.

తల్లితనములో దుఃఖమును ఉన్నది. నెయ్యూరులో పసిబిడ్డలకొరకు ఒక గృహము తెరచి పొన్నమ్మాళ్ అను తమిళ సహోదరికి అప్పగించిరి. అక్కడ విరేచనముల జబ్బు వ్యాపించి పలువురు శిశువులు చనిపోయిరి. కనలేదు గనుక ఆ శోకము తక్కువని తలంపరాదు.

అనేక బిడ్డల పుట్టిన దినము ఎవరికిని తెలియదు. కాబట్టి ఆ గృహమునకు వచ్చిన దినమునే పండుగగా చేసిరి. నీవు వచ్చినందుకు మాకు సంతోషమని ప్రతి బిడ్డకు ఏటేట తెలియజేయుట ఎంత ప్రేమగల ఆచారము! 1918 నుండి మగబిడ్డలను కూడ చేర్చుకొనిరి.

1931లో ఆమె పడి కాలు విరుగగా, అటు తరువాత సుమారు ఇరువది సంవత్సరములు ఎక్కువగా మంచముననే గడిపిరి. 1951 జనవరి 18న ప్రభువునొద్దకు వెళ్లిరి. వచ్చిన తరువాత ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు. ఆమె సమాధిమీద పక్షులు నీళ్లు త్రాగు రాతితొట్టి ఒకటి నిలిపి, దానిపై ఒక్క మాట చెక్కిరి: అమ్మ. తమిళులకును మనకును ఒకటేయైన మాట అది.

దేవాలయములకు బాలికలను అర్పించుటను మద్రాసు ప్రభుత్వము 1947లో చట్టముచేత నిషేధించెను. మన జోగినీ, బసివి ఆచారములమీద 1988లో చట్టము వచ్చెను. చట్టము కీడును ఆపవచ్చును. బిడ్డను ఒడిలోనికి తీసికొనుట మనుష్యులు చేయవలసిన పని.

మన సంఘములలో తల్లిలేని పిల్లలను పెంచు పిన్నమ్మలు, మేనత్తలు, అమ్మమ్మలు కలరు. ఎంత చేసినను పరాయి బిడ్డ పరాయి బిడ్డయేనని అరుగులమీద కూర్చుండి పలుకువారును కలరు. ఆ మాట బిడ్డ చెవిని పడును. పెంచిన తల్లి గుండెను కోయును. సహోదరులారా, అట్టి మాట మన నోట రానీయకుందము. మనమందరము దేవుని యింట దత్తత పొందిన బిడ్డలమే గదా!

ప్రార్థన: తండ్రీ, కనకయే పెంచుచున్న తల్లులను బలపరచుము. మమ్మును వారికి తోడుగా నిలుపుము. ఆమేన్.